ఎర్ర గీతలు నీలం కాకముందే

ఇప్పటికీ చుట్టాల పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "మావా, ల్యాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది, డీఫ్రాగ్ కొట్టమంటావా?" అని. కొత్త మెషిన్లలో లోపల తిరిగే డిస్కు పళ్లెం లేదు, ఆ పని అవసరమూ లేదు, ఊరికే ఉండమంటాను. పాత మెషిన్ అంటే మాత్రం వెంటనే జవాబు చెప్పను. "నీ ఫైళ్లకి కాపీ ఎక్కడుంది?" అని అడుగుతాను. "ఇ డ్రైవ్‌లో ఉంది మావా" అన్నారంటే, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక సంగతి చెప్పాలనిపిస్తుంది. ఫోన్లో అంతసేపు ఎవరూ వినరు. అందుకే రాస్తున్నాను. తెలుగు చదవడం రాని మన కోల్‌కతా పిల్లలు అమ్మచేతో నాన్నచేతో చదివించుకోండి. నేనూ ఈ అక్షరాలు బడిలో నేర్చుకున్నవాణ్ణి కాను, ఇంట్లో మా అమ్మ దగ్గర దెబ్బలు తిని నేర్చుకున్నవాణ్ణి.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కోల్‌కతా వచ్చి ఓడరేవు డాకుల్లో మూటలు మోశాడు. నేను ఏక్‌బాల్‌పూర్‌లో పుట్టి, అక్కడే చదివి, ఒక ధర్మ కేన్సర్ ఆసుపత్రిలో కంప్యూటర్ల సెక్షన్‌లో చేరాను. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, ఇద్దరు మనుషులు. గదిలో ఏసీ ఉండేది కానీ అది మెషిన్ల కోసం. మేం దాని ఎదురుగాలికి స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్లం.

రెండో మనిషి నా పైవాడు, బెంగాలీ. ఆసుపత్రి మొత్తానికి ఆయన "దాదా". నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. కోపం తెలియని మనిషి. పని చేస్తున్నంతసేపూ ముక్కుతో ఏదో రాగం తీసేవాడు. రాగం ఆగిందంటే మెషిన్‌లో ఏదో తేడా ఉందని మాకు గుర్తు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు.

మా చేతిలో ఉన్న మెషిన్లన్నిటిలో ముఖ్యమైనది రేడియేషన్ విభాగంలో ఉండేది. కణితికి కిరణాలు ఏ కోణం నుంచి, ఎంతసేపు, ఏ ఆకారంలో పడాలో అందులోనే లెక్క కట్టేవారు. ఆ లెక్క కట్టే ఫిజిసిస్టు ఒక బెంగాలీ ఆవిడ, మాకందరికీ దీదీ. ఒక్కో రోగికి ఒక్కో ఫోల్డర్. అందులో ఆ మనిషి స్కాన్ బొమ్మలు, వాటి మీద డాక్టరు గీసిన గీతలు, దీదీ కట్టిన కొలతలు. రోజూ పొద్దున్నే ఆ రోజు రోగుల కొలతలు అక్కణ్ణుంచి కిరణాల యంత్రానికి వెళ్లేవి. అవి వందల అంకెలు, కాగితం మీద రాసుకునేవి కావు.

ఆ మెషిన్‌లో ఒకే ఒక్క హార్డ్ డిస్క్. దాన్ని ఎప్పుడో ఎవరో మూడు భాగాలు చేశారు. సి డ్రైవులో విండోస్, డి డ్రైవులో రోగుల ఫోల్డర్లు, ఇ డ్రైవులో వాటి కాపీ. ప్రతి శనివారం డిలో ఉన్నది ఇలోకి దానంతటదే కాపీ అయ్యేలా పెట్టారు. స్క్రీన్ మీద చూస్తే మూడు వేరువేరు డ్రైవులు. మూత విప్పి చూస్తే అరచేతిలో పట్టే ఒకే పెట్టె. ఆ సంగతి దాదాకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా రోజూ మూడు బొమ్మలు చూసీ చూసీ, మూడు గదులున్నాయి కదా, ఒకటి కాలినా ఇంకోటి ఉంటుందిలే అన్న ధీమా మనసులో కుదురుకుపోయింది.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. డిస్కు మీద ఫైలు రాసేటప్పుడు, మొత్తం ఒక్కచోట పట్టకపోతే కంప్యూటరు దాన్ని ముక్కలు చేసి, ఖాళీ ఉన్నచోటల్లా తలో ముక్కా పెడుతుంది. ఏ ముక్క ఎక్కడుందో ఒక పట్టికలో రాసుకుంటుంది. చదవాలంటే లోపలి సూది ఆ ముక్కలన్నిటి దగ్గరికీ పరిగెత్తాలి. అందుకే మెషిన్ నెమ్మదిస్తుంది. డీఫ్రాగ్ ఆ ముక్కల్ని ఏరి, పక్కపక్కన పేర్చి, ఒక్కో ఫైలునూ ఒక్కచోట చేరుస్తుంది. మనకు కనిపించే ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉంటాయి, పేరూ మారదు, వరుసా మారదు. సర్దుబాటంతా లోపల. ఇంకో మాట. డిలో నడిపితే డి లోపలే సర్దుతుంది. డిలోది తీసి ఇలో పెట్టదు, ఇ జోలికి పోదు. ఆ రోజుల్లో అది నడుస్తుంటే తెర మీద గీతలు కనిపించేవి. చెదిరిన ఫైళ్లు ఎర్ర గీతలు, కుదురుగా ఉన్నవి నీలం గీతలు. ఎరుపు తగ్గి నీలం పెరుగుతుంటే చూడ్డం దాదాకు ఎంతో ఇష్టం. టీ చల్లారిపోతున్నా అలాగే చూస్తూ కూర్చునేవాడు.

ఇక ఒక రోగి గురించి చెప్పాలి. మెటియాబ్రుజ్ వైపు కార్పొరేషన్ రోడ్లు ఊడ్చే మనిషి. వాళ్లదీ మా జిల్లాయే. చిన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. అంగిట్లో పుండు లేచి, అది కేన్సరైంది. ఆమెకు పనికి సరిపడా బెంగాలీ వచ్చినా డాక్టర్లు చెప్పేది అర్థమయ్యేది కాదు. కంగారులో నోటికి తెలుగే వచ్చేది. అందుకని నన్ను పిలిచేవారు. తొలిరోజు ముఖానికి ప్లాస్టిక్ జాలీ ముసుగు బిగిస్తే బెదిరిపోయింది.

"ఏటి బాబూ ఇది? పానం ఉండగానే మొకం మూసేత్తన్నారు?"

"కదలకుండా ఉండడానికి అప్పా. కరెంటు సరిగ్గా పుండు మీదే పడాలి కదా."

మా వైపు అక్కను అప్ప అంటాం. ఆ పిలుపు వినగానే ఆమె నెమ్మదించింది. "మనోడివా?" అంది. ఆ తర్వాత ఆమె భర్త, అతనూ కార్పొరేషన్ మనిషే, నన్ను బయట కలిసినప్పుడల్లా "బావా" అని పలకరించేవాడు. కరెంటు పెట్టడం, అంటే కిరణాల చికిత్స, మొదలయ్యాక దీదీ తెర మీద ఆమె స్కాన్ బొమ్మ, దాని చుట్టూ రంగురంగుల గీతలు ఒకసారి చూపించింది. "ఇది నా తలకాయేనా! రంగులు బాగున్నాయి" అని అప్ప భర్తను పిలిచి చూపించింది.

ఆ నెలల్లో మెషిన్ మరీ నెమ్మదించింది. ఒక్కో ఫోల్డర్ తెరవడానికి దీదీ బొట్టనవేలు కొరుక్కుంటూ కూర్చునేది. అప్పుడప్పుడు డిస్కు లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. కొత్త డిస్కు కావాలని మేం పెట్టిన దరఖాస్తు సూపరింటెండెంటు గారి బల్ల మీద చాలాకాలంగా ఉంది. అడిగితే "చూద్దాం, నడుస్తోందిగా" అనేవారు.

ఒక సోమవారం పొద్దున ఆ రోజు కొలతలన్నీ యంత్రానికి వెళ్లిపోయాక దీదీ మా గదికి వచ్చింది. "దాదా, ఏదో ఒకటి చేయండి. బయట మనుషులు బెంచీల మీద పడుకుంటున్నారు, నేను తెర మీద గడియారం గుర్తు చూస్తూ కూర్చుంటున్నాను" అంది. దాదాకు జాలి వేసింది. మధ్యాహ్నానికల్లా అయిపోతుందని డి మీద డీఫ్రాగ్ పెట్టాడు. నేను పక్క బిల్డింగులో ప్రింటర్ బాగుచేస్తున్నాను. తిరిగొచ్చి రేడియేషన్ విభాగంలోకి అడుగుపెట్టేసరికి దాదా తెర ముందు కూర్చుని ఉన్నాడు. రాగం లేదు. డిస్కులోంచి టిక్కు టిక్కు ఆగకుండా వస్తోంది. తెర మీద ఎడమవైపు సగం నీలం, కుడివైపు ఎరుపు. గీతలు కదలడం లేదు. మౌస్ కూడా కదలడం లేదు.

"ఎంతసేపటి నుంచి?" అన్నాను.

"నువ్వు ప్రింటర్‌కి వెళ్లిన కాసేపటికే." ఆయన తల తిప్పలేదు. "ముక్క తీసి, ఇంకోచోట పెడుతూ ఉండగా సూది ఆగిపోయింది. కదిలించకూడని దాన్ని కదిలించాను."

ఈలోగా సూపరింటెండెంటు గారు వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు. పైనుంచి ట్రస్టీలు, కింద నుంచి మేం, మధ్యలో నలిగే మనిషి. "ఆపి మళ్లీ ఆన్ చేయండి. అన్నిటికీ అదే కదా మందు?" అన్నారు.

దాదా లేచి మెషిన్‌కు అడ్డంగా నిలబడ్డాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడ్డం నేను ఎప్పుడూ వినలేదు. "ఆపుతాను. మళ్లీ ఆన్ చేయను. ఆన్ చేస్తే విండోస్ తనే బాగుచేస్తానని ఉన్నవాటి మీద రాసేస్తుంది. అప్పుడు మిగిలేదీ మిగలదు."

"రేపు పొద్దున రోగులకి ఏం చెప్పను?"

"ఏం చెప్పాలో తర్వాత చూద్దాం సార్. ముందు ఏం మిగిలిందో చూడనివ్వండి."

కరెంటు తీసి మెషిన్‌లోంచి డిస్కును విప్పాం. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని దాదా మెట్ల కింద గదికి తీసుకొచ్చాడు. ఇంకో మెషిన్‌కు దాన్ని రెండో డిస్కుగా తగిలించి, దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, ఉన్నది ఉన్నట్టుగా మొత్తం కొత్త డిస్కు మీదకు కాపీ మొదలుపెట్టాం. చదవగలిగినచోట చదువుతుంది, చదవలేనిచోట వదిలేసి ముందుకు పోతుంది. కొత్త డిస్కు ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? సూపరింటెండెంటు గారు ఆ మధ్యాహ్నమే మనిషిని పంపి తెప్పించారు. అన్నాళ్లు కదలని దరఖాస్తు ఒక్క పూటలో కదిలింది. అప్పుడు దానికి మేమెవరమూ నవ్వలేదు.

మంగళవారం కొలతలు లేక కిరణాల యంత్రం ఆగిపోయింది. కాపీ పూర్తయ్యాక ముందు ఇ తెరిచాం. డీఫ్రాగ్ దాని జోలికి పోలేదు కాబట్టి అది చెక్కుచెదరలేదు. ఫోల్డర్లు వరుసగా కనిపించేసరికి బతికాం అనుకున్నాను. దాదా భుజం పట్టుకుని ఊపేశాను. ఆయన మాత్రం పేర్ల పక్కనున్న తేదీలు చూస్తున్నాడు.

"ఇ నిండిపోయింది," అన్నాడు. "చూడు. చోటు లేక శనివారం కాపీ ఎప్పుడో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన వాళ్లెవరూ ఇందులో లేరు."

తర్వాత వచ్చిన వాళ్లంటే, అప్పుడు చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు. ఇలో క్షేమంగా ఉన్నవి చాలావరకు చికిత్స ముగించుకుని ఇళ్లకు వెళ్లిపోయిన వాళ్లవి.

ఇక మిగిలింది డి. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక సగం చెడిపోయింది. పట్టిక లేకుండా వెతకాలంటే ఒకటే దారి. ఫైలు మొదలు ఎలా ఉంటుందో గుర్తుపట్టి, అక్కణ్ణుంచి వరుసగా చదువుకుంటూ పోవాలి. ఫైలు మొత్తం ఒక్కచోట ఉంటే చేతికి వస్తుంది. ముక్కలై చెదిరి ఉంటే మొదటి ముక్క దొరుకుతుంది, మిగతా ముక్కలు ఏవో చెప్పేవాళ్లుండరు. అంటే ఏ డీఫ్రాగ్ డిస్కును ముంచిందో అదే అప్పటికే ఒక్కచోట పేర్చిన ఫైళ్లు బయటపడ్డాయి. డీఫ్రాగ్ ఇంకా చేరుకోని ఫైళ్లు పోయాయి. దీదీ మా పక్కనే స్టూలు వేసుకుని, వచ్చిన ఒక్కో ఫైలునూ తెరిచి సరిచూసింది. ఆ రోజంతా, మర్నాడూ అదే పని. చాలామందివి వచ్చాయి. నలుగురివి రాలేదు. ఆ నలుగురిలో మా అప్ప ఒకతె.

"మళ్లీ స్కాన్ తీయాలి, మళ్లీ డాక్టరు గీయాలి, మళ్లీ నేను లెక్క కట్టాలి," అంది దీదీ. "వారం దాటుతుంది. ఈ చికిత్సలో మధ్యలో ఖాళీ రాకూడదు. ఖాళీ వస్తే కణితి మళ్లీ పుంజుకుంటుంది."

గురువారం పొద్దున మిగతావాళ్లకు యంత్రం మళ్లీ మొదలైంది. ఆ నలుగురికీ కబురు చెప్పాలి. సూపరింటెండెంటు గారు మమ్మల్ని పిలిచి, "యంత్రానికి సర్వీసింగ్ జరుగుతోందని చెప్పండి చాలు. భయపెట్టి ఏం లాభం? పైగా కేసులంటారు, పేపర్లంటారు" అన్నారు. నాతో ప్రత్యేకంగా, "ఆ తెలుగామెకి నువ్వే చెప్పాలి" అన్నారు.

బెంచీ దగ్గరికి వెళ్లేసరికి దాదా నా వెనకే వచ్చాడు. అప్ప, ఆమె భర్త లేచి నిలబడ్డారు. నోరు తెరవబోతుంటే దాదా నా మోచేయి పట్టుకుని ఆపి, ఆమెతో నెమ్మదిగా బెంగాలీలో చెప్పాడు. మీ ఫైలు నా చేతిలో పోయింది, మెషిన్ పాతది, అయినా దాన్ని నడిపింది నేనే అని. ఆమె అయోమయంగా నా వైపు చూసింది.

"ఏటంటన్నాడు బాబూ?"

మా వెనక గుమ్మంలో సూపరింటెండెంటు గారు నిలబడి ఉన్నారు. ఆయన చెప్పమన్న మాట ఒకటి, దాదా చెప్పిన మాట ఒకటి. తెలుగులో ఏది పలికినా ఆయనకు అర్థం కాదు. దాదాకూ అర్థం కాదు. ఆ క్షణంలో ఆ అబద్ధం ఎంత సులువో నాకు తెలిసింది. దాదా నా ముఖంలోకి చూసి, "ఠిక్ కొరే బోలో," సరిగ్గా చెప్పు, అన్నాడు.

దాదా చెప్పిందే చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు.

ఆమె దాదా వైపు తిరిగి తెలుగులోనే అడిగింది.

"నా పానం నీ సేతిలో ఎట్టినానా, ఆ డబ్బాలో ఎట్టినానా? రోడ్డు మీద సెత్త ఊడిస్తే గూడా ఎక్కడ కుప్ప ఏసినానో సూసుకుంతాను నాను. నువ్వు సూసుకోలేదేటి?"

"ఉండవే," అన్నాడు భర్త.

"ఎందుకుండాల? ముసలోడు ఏడుత్తన్నాడని ఉండాలా?" అప్పటికి నేను చూశాను, దాదా కళ్లు తడిసి ఉన్నాయి. ఆమె మాత్రం మెత్తబడలేదు. "ఏడిత్తే పుండు తగ్గుద్దా? బేగి సెయ్యమను. మల్లీ ముసుగేత్తే ఏసుకుంతాను. బేగి సెయ్యమను, అంతే."

ఆ మాటలూ ఉన్నవి ఉన్నట్టు బెంగాలీలో చెప్పాను. దాదా తల ఊపాడు.

దీదీ ఆ వారం ఆదివారం కూడా పనిచేసింది. స్కాన్ గది దగ్గర వరసలో అప్ప కోసం దాదా వెళ్లి నిలబడేవాడు. డాక్టరు గీయాల్సిన బొమ్మలు పట్టుకుని వార్డుల్లో ఆ డాక్టరు వెనకే తిరిగేవాడు. అది ఆయన పని కాదు. ఎవరూ వద్దనలేదు. వారం దాటాక ఆమెకు మళ్లీ కరెంటు పెట్టారు. ఆ రోజు ఆమె దాదాతో మాట్లాడలేదు కానీ, లోపలికి వెళ్తూ చెప్పులు, చూసుకోమన్నట్టు, ఆయన కూర్చున్న బెంచీ కింద విడిచి వెళ్లింది.

విచారణ జరిగింది. సాంకేతిక నివేదిక రాయమని నన్నడిగారు. డిస్కు ముందునుంచీ చచ్చిపోతోందని, డీఫ్రాగ్ దాన్ని తొందరపెట్టిందని, కాపీ అదే డిస్కు మీద ఉండడం అందరి తప్పని, దరఖాస్తు కదల్లేదని రాశాను. దాదా అది చదివి ఒకే మాట అన్నాడు. "అన్నీ నిజమే. మొదటి వాక్యంలో నా పేరు పెట్టు. ఎవరు నడిపారో చెప్పకుండా 'నడపబడింది' అని రాశావు." మార్చాను. శిక్ష అంటూ ఏదీ వేయలేదు. ఆయన రిటైరైన రోజున మాత్రం ఎప్పుడూ జరిగే వీడ్కోలు సభ జరగలేదు. మేం ముగ్గురం దీదీ గదిలో మిఠాయి తిన్నాం. కొత్త మెషిన్‌లో కాపీకి వేరే డిస్కు, అది ఉండేది వేరే గదిలో. వారం వారం తెరిచి చూసే పని నాది. రిటైరయ్యేదాకా నేను ఒక్క శనివారం తప్పలేదు.

అప్ప చికిత్స పూర్తయింది. పుండు మానింది. ఆమె పరీక్షలకు వచ్చిన ప్రతిసారీ దాదా ఇంటి నుంచి బస్సెక్కి వచ్చేవాడు. నేను చెప్పకపోయినా తేదీలు ఆయనకు గుర్తుండేవి. బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. ఆమె విరిగిన బెంగాలీలో వీధుల సంగతులు చెప్పేది, ఆయన వినేవాడు. ఒకసారి నేను వెళ్లేసరికి ఆమె ఆయన్ని తిడుతోంది, చక్కెర జబ్బు పెట్టుకుని మిఠాయి తిన్నందుకు. కొన్నేళ్లు అలా గడిచాయి. తర్వాత పుండు తిరిగి వచ్చింది. ఈసారి మెడలోకి పాకింది. ఎక్కువ కాలం లేదు.

ఆమె పోయిన కొన్నాళ్లకు భర్త ఆసుపత్రికి వచ్చాడు. దాదాకు కబురు పెట్టమన్నాడు. ఆయన వచ్చాడు. ముగ్గురం గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. అతను టీ తాగలేదు.

"బావా, ఆయన్నొక్క మాట అడుగు. డాట్రుని అడిగితే ఏటీ సెప్పట్లేదు. అప్పుడు వారం పైన కరెంటు ఆగింది గదా. దానివల్లేనా అది మల్లీ వొచ్చింది?"

నేను దీదీని ఎప్పుడో అడిగిన ప్రశ్న అది. ఆవిడ, "ఎవరూ చెప్పలేరు" అంది. ఆ జవాబు నేనే అతనికి ఇచ్చేయొచ్చు. ఇవ్వలేదు. దాదాకు ప్రశ్న బెంగాలీలో చెప్పాను.

దాదా మట్టికప్పు కొట్టు బల్ల మీద పెట్టాడు. "తెలీదు," అన్నాడు. "కాకపోవచ్చు. అయి ఉండొచ్చు కూడా. కాదు అని మాత్రం నేను చెప్పలేను."

చెప్పాను. అతను విన్నాడు. భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"కాదు అని సెప్తాడనుకున్నాను," అన్నాడు. "సెప్పుంటే ఇంకేటీ సెప్పకుండా ఎల్లిపోదును." ఆగి, మళ్లీ, "సచ్చిపోయే ముందర మా ఇంటిది, ముసలోడికి సెక్కర ఎక్కువైపోతాది, సూసుకోమని సెప్పమంది. అది సెప్పడానికే వొచ్చినాను" అన్నాడు.

అది కూడా బెంగాలీలో చెప్పాల్సింది నేనే. రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. దాదా విని, అతని చేతిలో చల్లారిపోయిన టీ తీసి పక్కన పెట్టి, కొట్టువాడికి ఇంకొకటి వేడిగా చెప్పాడు. ఈసారి అతను తాగాడు.